కుక్కపిల్లను తెచ్చే ముందు ఇంటికి పద్నాలుగు రోజుల పరీక్ష



పరీక్షలు దగ్గరపడ్డాయంటే తరగతి గదిలో ఒక కబురు తప్పకుండా వినిపిస్తుంది. "మంచి ర్యాంకు వస్తే మా డాడీ కుక్కపిల్లను కొనిస్తానన్నారు మేడమ్!" అని ఎవరో ఒకరు చెబుతారు. చెప్పేటప్పుడు ఆ పిల్లవాడి ముఖం వెలిగిపోతుంటుంది. పక్క బెంచీ వాళ్లు అప్పటికే పేర్లు వెతకడం మొదలుపెడతారు.

ఆ ఉత్సాహం మీద నీళ్లు చల్లడం మా ఉద్దేశం కాదు. కుక్కతో కలిసి పెరిగిన పిల్లలు మాటలు రాని ప్రాణి బాధను గమనించడం నేర్చుకుంటారు. తమ ఆకలి కంటే ముందు మరొకరి ఆకలిని గుర్తుపెట్టుకోవడం నేర్చుకుంటారు. అయితే సైకిలు, ట్యాబులతో పాటు కుక్కపిల్లను కూడా బహుమతుల జాబితాలో రాసేముందు ఒక చిన్న లెక్క చేయమని మనవి.

ముందు వయసుల లెక్క

కుక్క సాధారణంగా పది నుంచి పదమూడేళ్లు బతుకుతుంది. మీ అబ్బాయి ఇప్పుడు ఐదో తరగతి, వయసు పదేళ్లు అనుకుందాం. ఈ ఏడాది కుక్కపిల్లను తెస్తే, వాడు పదో తరగతికి వచ్చేసరికి దానికి ఐదేళ్లు నిండుతాయి. అంటే మంచి వయసులో ఉంటుంది, రోజూ షికారు కావాలంటుంది. అదే ఏడాది మన పిల్లలకు తెల్లవారుజామున స్టడీ అవర్లు, సాయంత్రం స్లిప్ టెస్టులు ఉంటాయి. ఇంటర్‌కు హాస్టల్లో చేరితే కుక్క ఇంట్లోనే ఉండిపోతుంది. వాడు బీటెక్ చివరి సంవత్సరానికి వచ్చేసరికి దానికి పదకొండేళ్లు. అప్పటికి కళ్లు మసకబారి, కీళ్లు పట్టేసి ఉండవచ్చు.

కాబట్టి కుక్కపిల్ల పేరుకు పిల్లలదే అయినా, సగం జీవితం అమ్మానాన్నలతోనే గడుపుతుంది. "పిల్లవాడు చూసుకుంటాడులే" అనుకుని తెస్తే రెండేళ్లకు ఇల్లంతా విసుక్కుంటుంది. "ఇది మా ఇంటి పన్నెండేళ్ల బాధ్యత" అనుకుని తెస్తే అందరికీ ఆనందమే.

కుక్కలకు మన ఊరు అనువైనదేనా?

విశాఖపట్నాన్ని ఉదాహరణగా తీసుకుందాం. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిచే వాళ్లతో పాటు వారి కుక్కలూ కనిపిస్తాయి. కాలనీల్లో పార్కులు ఉన్నాయి, పశువైద్యులు ఉన్నారు, జంతు సంరక్షణ సంస్థలూ ఉన్నాయి. కుక్కను పెంచుకోవడానికి మంచి ఊరే. కానీ గడియారం చూసుకుని పెంచాలి.

కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే అది ఒంటిని చల్లబరచుకునే ప్రధానమైన దారి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ రొప్పడం కూడా సరిగా పనిచేయదు. తీర ప్రాంతంలోని విశాఖ, కాకినాడ, నెల్లూరులలో వేసవి ఉక్కపోత కుక్కకు మనకంటే ఎక్కువ కష్టం. షికారుకు బయల్దేరే ముందు మీ అరచేతి వెనుక భాగాన్ని రోడ్డు మీద ఐదు నుంచి ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీ చేయి కాలితే దాని పాదాలూ కాలతాయి. వేసవిలో సూర్యోదయానికి కాస్త అటూ ఇటూ ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి తిప్పితే చాలు. అద్దాలు మూసిన కారులో ఐదు నిమిషాలకైనా వదిలి వెళ్లకండి.

పద్నాలుగు రోజుల పరీక్ష

ఇప్పుడు అసలు విషయం. కుక్కపిల్లను తెచ్చే ముందు రెండు వారాల పాటు, ఇంట్లో కుక్క ఉన్నట్టే నడుచుకోండి. ఒక కాగితం మీద పద్నాలుగు రోజులకు గడులు గీసి ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. రోజూ చేయాల్సినవి ఐదు పనులు:

1. పొద్దున ఐదున్నరకు ఒకరు లేచి, కిందికి దిగి, ఇరవై నిమిషాలు నడిచి రావాలి. వర్షం పడుతున్నా సరే.

2. స్కూలు బస్సు వచ్చేలోపు ఒక గిన్నె కడిగి, మంచినీళ్లు నింపి మూల పెట్టాలి. మరో గిన్నెను తిండి కోసం సిద్ధం చేయాలి.

3. మధ్యాహ్నం ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి, లేదా వచ్చి చూసి వెళ్లాలి. రెండు నెలల కుక్కపిల్ల మూడు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు.

4. సాయంత్రం మళ్లీ ఇరవై నిమిషాల నడక. మర్నాడు వీక్లీ టెస్టు ఉన్నా, ఇంటికి చుట్టాలు వచ్చినా మానకూడదు.

5. రాత్రి పదింటికి చివరిసారి కిందికి వెళ్లి రావాలి. ఈ పద్నాలుగు రోజుల్లో మూడు రాత్రులు రెండు గంటలకు అలారం పెట్టుకుని లేవాలి. కొత్తగా వచ్చిన కుక్కపిల్ల మొదటి వారం అలాగే లేపుతుంది.

పని పూర్తయినప్పుడు గడిలో టిక్కు పెట్టకండి, చేసినవారి పేరు రాయండి. పద్నాలుగు రోజులకు డెబ్బై గడులు. చివరి రోజు రాత్రి అందరూ కూర్చుని ఎవరి పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. మొదటి మూడు రోజులు పిల్లల పేర్లు వరసగా ఉంటాయి. తర్వాత గడుల్లో ఎవరి పేరు పెరుగుతుందో చాలా ఇళ్లలో ముందే ఊహించవచ్చు. ఎవరి పేరు ఎక్కువసార్లు ఉంటే కుక్కపిల్ల విషయంలో ఆఖరి మాట వారిదే కావాలి. అమ్మ పేరే నలభై గడుల్లో ఉంటే, అమ్మ మనస్ఫూర్తిగా సరేనన్న తర్వాతే కుక్కపిల్ల రావాలి.

దీంతో పాటు ఒక డబ్బాలో నెల ఖర్చు తీసిపెట్టి చూడండి. కొన్న ధర ఒక్కసారి ఇచ్చేది. తిండి, టీకాలు, నట్టల మందు, డాక్టరు ఫీజు, మీరు ఊరెళ్లినప్పుడు దాన్ని చూసుకునే వారికి ఇచ్చే డబ్బు మాత్రం ఏళ్ల తరబడి వస్తూనే ఉంటాయి.

ఏ కుక్క? ఎక్కడి నుంచి?

ఫోనులో కనిపించిన అందాన్ని బట్టి జాతిని ఎంచుకోకండి. సైబీరియన్ హస్కీ మంచు దేశంలో బళ్లు లాగడానికి పెంచిన కుక్క. దాని ఒంటి మీద రెండు పొరల బొచ్చు ఉంటుంది. మన మే నెలలో అది ఏసీ గది దాటి బయటకు రాలేదు. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఊపిరి తీసుకోవడమే కష్టం, ఉక్కపోతలో మరీ కష్టం. లాబ్రడార్ పిల్లలతో బాగా కలిసిపోతుంది. కానీ పెద్దదైతే ముప్పై కిలోల దాకా బరువు పెరుగుతుంది, ఎంత పెట్టినా తింటుంది, నడక లేకపోతే ఊబకాయం వస్తుంది. ముధోల్, రాజపాళయం లాంటి మన దేశపు వేట జాతులు వేడికి తట్టుకుంటాయి. అయితే వాటికి పరుగు కావాలి, రెండు గదుల ఫ్లాటు చాలదు.

మన వీధుల్లో పుట్టే దేశవాళీ కుక్కను చాలామంది లెక్కలోకే తీసుకోరు. పొట్టి బొచ్చు, మధ్యస్థమైన ఒడ్డూపొడుగూ, ఈ వాతావరణంలోనే తరతరాలుగా బతికిన ఒళ్లు దానివి. తెలివిలో ఏ జాతికీ తీసిపోదు. చలికాలంలో దాదాపు ప్రతి కాలనీలోనూ పిల్లలు పుడతాయి. దత్తత తీసుకోవాలనుకుంటే జంతు సంరక్షణ సంస్థలను గానీ, మీ వీధిలో రోజూ కుక్కలకు తిండి పెట్టేవారిని గానీ అడగండి.

ఎక్కడి నుంచి తెచ్చినా ఎనిమిది వారాలు నిండకుండా తల్లి నుంచి వేరు చేయకండి. తల్లి పాలతో పాటు, ఎంత గట్టిగా కొరకవచ్చో తోబుట్టువులతో ఆడుతూ నేర్చుకునేది అప్పుడే. కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాల లోపు పిల్లలను అమ్మకూడదు. కుక్కలను పెంచి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. "ముప్పై రోజుల పిల్ల, త్వరగా అలవాటవుతుంది" అని అమ్మజూపితే అక్కడి నుంచి వచ్చేయండి. కొనేటప్పుడు తల్లిని చూపించమని అడగండి. పిల్ల కళ్లు, ముక్కు శుభ్రంగా ఉన్నాయా, తోక కింద తడి ఉందా, చురుగ్గా మీ దగ్గరకు వస్తోందా అని గమనించండి.

మొదటి నాలుగు నెలలు

ఇంటికి తెచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే పశువైద్యుడికి చూపించి ఒక కార్డు రాయించుకోండి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి కాంబినేషన్ టీకా వేస్తారు. దాన్ని మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాల వయసు వచ్చేదాకా మళ్లీ వేస్తారు. రేబిస్ టీకా మూడు నెలలకు మొదలవుతుంది. ఆ తర్వాత బూస్టర్ల తేదీలు డాక్టరు చెబుతారు. నట్టల మందు మొదట్లో రెండు వారాలకోసారి పట్టించాల్సి ఉంటుంది.

ఈ టీకాల వరుస మధ్యలో ఆపకూడదు. పార్వో అనే వైరస్ సోకితే కుక్కపిల్లకు వాంతులు, రక్తంతో కూడిన విరేచనాలు అవుతాయి. చికిత్స ఆలస్యమైతే రెండు మూడు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతికి ఉంటుంది. అందుకే టీకాలు పూర్తయ్యేదాకా కుక్కపిల్లను బీచ్‌లోనూ రోడ్డు మీదా దించకండి. అలాగని గదిలో బంధించవద్దు. మూడు నుంచి పద్నాలుగు వారాల మధ్య చూసినవాటికి కుక్క జీవితాంతం బెదరకుండా ఉంటుంది. చేతుల్లో ఎత్తుకుని బాల్కనీ నుంచి ఆటో శబ్దం వినిపించండి. తాతయ్య చేతికర్రను, హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ అబ్బాయిని చూపించండి. మిక్సీ మోత, కుక్కర్ కూత కూడా ఇప్పుడే అలవాటు కావాలి. దీపావళి టపాసులకు చాలా కుక్కలు వణికిపోతాయి. ఆ రాత్రి కిటికీలు మూసి, ఒకరు దాని పక్కన కూర్చోవాలి.

వర్షాకాలం వచ్చిందంటే పిడుదులు మొదలవుతాయి. వాటి వల్ల వచ్చే జ్వరం కుక్కను బాగా నీరసింపజేస్తుంది. చెవుల లోపల, కాలివేళ్ల మధ్య రోజూ వేళ్లతో తడిమి చూసే పని పిల్లలకు అప్పగించవచ్చు, పెద్దలు పక్కనుంటే.

మన వంటింట్లో ఏది పెట్టవచ్చు?

మన ఇళ్లలో కుక్కకు పెరుగన్నం పెట్టడం ఆనవాయితీ. అప్పుడప్పుడు పరవాలేదు గానీ ఎదిగే పిల్లకు అదొక్కటే చాలదు, మాంసకృత్తులు కావాలి. కుక్కపిల్లల కోసం తయారుచేసిన ఆహారం గానీ, ఉప్పూకారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, గుడ్డు కలిపిన అన్నం గానీ డాక్టరు చెప్పిన కొలతలో పెట్టండి. మీ ఇంట్లో మాంసం వండరు అనుకుంటే ఆ సంగతి కుక్కపిల్లను తెచ్చే ముందే డాక్టరుతో మాట్లాడండి. మూడు నాలుగు నెలల దాకా రోజుకు మూడు నాలుగుసార్లు కొద్దికొద్దిగా పెట్టాలి.

పెట్టకూడనివి పిల్లల చేత రాయించి వంటింట్లో అంటించండి: చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్, ఉల్లి, వెల్లుల్లి, ఉడికించిన ఎముకలు, చక్కెరకు బదులు జైలిటాల్ వాడిన చూయింగ్ గమ్. పుట్టినరోజు కేకు ముక్క, పాయసంలో మిగిలిన కిస్మిస్, బిర్యానీలో మిగిలిన ఎముకలు ప్రేమతోనే పెడతాం. ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వచ్చేదీ వాటివల్లే.

కొట్టకుండా నేర్పడం

నిద్ర లేవగానే, తిన్న తర్వాత, ఆడిన తర్వాత కుక్కపిల్లను ఒకే చోటికి తీసుకెళ్లండి. అక్కడ పని కానిచ్చిన వెంటనే మెచ్చుకుని చిన్న ముక్క ఏదైనా పెట్టండి. ఇంట్లో తడిపేస్తే మాట్లాడకుండా తుడిచేయండి. ముక్కును దానికి రాయడం, చెప్పుతో కొట్టడం వల్ల అది నేర్చుకునేది ఒక్కటే, మీకు కనబడకుండా సోఫా వెనక తడపడం.

నాలుగో నెల నుంచి ఆరో ఏడో నెల దాకా పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వస్తాయి. ఆ రోజుల్లో చెప్పులు, టేబుల్ కాళ్లు, నోటుపుస్తకాలు ఏవీ మిగలవు. చేతులు కొరికితే ఆట అక్కడితో ఆపి, బొమ్మ ఇచ్చి లేచి వెళ్లిపోండి. "కొరికితే ఆట ఆగిపోతుంది" అన్న సంగతి కొద్ది వారాల్లో దానికి అర్థమవుతుంది. ఇంట్లో అందరూ ఒకేలా ప్రవర్తించాలి. నాన్న సోఫా ఎక్కించి, అమ్మ దించేస్తుంటే కుక్కకు ఏ నియమమూ అర్థం కాదు.

పిల్లలకు నేర్పాల్సింది

తింటున్న కుక్కను, నిద్రపోతున్న కుక్కను ముట్టుకోకూడదు. మెడ చుట్టూ చేతులు వేసి గట్టిగా వాటేసుకోకూడదు. ఒళ్లు బిగుసుకుపోయినా, తోక కాళ్ల మధ్యకు ముడుచుకున్నా, కళ్లలో తెల్లగుడ్డు కనిపించేలా పక్కచూపులు చూసినా "నన్ను వదిలేయండి" అని అర్థం. తోక ఊపే ప్రతి కుక్కా సంతోషంగా ఉన్నట్టు కాదు. చిన్నపిల్లలను కుక్కతో ఒంటరిగా ఒక గదిలో వదలవద్దు, అది ఎంత మంచి కుక్కైనా సరే.

గీరుకున్నా చెప్పాలి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే గుర్తుపెట్టుకోగలిగితే దీన్ని గుర్తుపెట్టుకోండి. కుక్క కరిచినా, పంటి గీత పడినా, పుండు మీద నాకినా ఆ చోటును కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, పసుపు, సున్నం, కాఫీ పొడి వంటివేవీ పెట్టకూడదు. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. అంతకు ముందే టీకాలు సరిగా వేయించుకుంటే రాకుండా ఆపవచ్చు.

బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు వేసే రోజులు పోయాయి. ఇప్పుడు చేతికే వేస్తారు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో సాధారణంగా మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో ఉచితంగా ఇస్తారు. గాయం లోతుగా ఉంటే వీటితో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరమవుతుంది. మన ఇంటి కుక్కే కదా, చిన్న పిల్లే కదా అని నిర్లక్ష్యం చేయకండి. వెళ్లాలా వద్దా అన్నది డాక్టరు తేల్చాలి, మనం కాదు.

ఇంకో మాట. కుక్క గీరిన సంగతి పిల్లలు చాలాసార్లు దాచేస్తారు. "వద్దంటే వినలేదు, ఇప్పుడు చూడు" అని తిడతారన్న భయం, కుక్కను ఎక్కడైనా వదిలేస్తారన్న భయం వారివి. కాబట్టి కుక్క ఇంటికి వచ్చిన రోజే పిల్లలకు మాట ఇవ్వండి: "గీరుకున్నా, కరిచినా మాకు చెప్పు. నిన్ను తిట్టం, దాన్ని పంపించేయం." ఆ మాట పిల్లవాడి ప్రాణాన్ని కాపాడవచ్చు.

అపార్టుమెంటులో

పెంపుడు కుక్కలను సంక్షేమ సంఘాలు నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు చెబుతున్నాయి. సభ్యులంతా కలిసి తీర్మానం చేసినా అది చెల్లదు. హక్కు మనకు ఉంది, కానీ పక్క ఫ్లాటు వాళ్లకూ నిద్ర కావాలి. బయటకు తీసుకెళ్లేటప్పుడు బెల్టు, చేతిలో ఒక కవరు తప్పనిసరి. లిఫ్టులో ఎవరైనా భయపడితే "ఏమీ చేయదండీ" అని నచ్చజెప్పకండి, తర్వాతి లిఫ్టులో వెళ్లండి. మున్సిపల్ కార్పొరేషన్‌లో నమోదు నిబంధనలు కనుక్కుని, రేబిస్ టీకా కార్డు దగ్గర ఉంచుకోండి. ఏ వయసులో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయిస్తే మంచిదో డాక్టరును అడిగి, ఆ ప్రకారం చేయించండి. బయట దిక్కులేని పిల్లలు పెరగకుండా ఉంటాయి.

పరీక్షలో తప్పితే?

పద్నాలుగు రోజుల కాగితం "ఇప్పుడు వద్దు" అని చెబితే అది ఓటమి కాదు. ఒక కుక్కపిల్ల రోడ్డు పాలు కాకుండా మీరు ముందే కాపాడినట్టే. అలాంటి ఇళ్లలో పిల్లలు గేటు పక్కన రోజూ ఒక నీళ్ల తొట్టె నింపవచ్చు. ఊరెళ్లిన పక్కింటివారి కుక్కను పెద్దల తోడుతో నాలుగు రోజులు చూసుకోవచ్చు. ఆ పని రెండు నెలలు మానకుండా చేసిన పిల్లవాడు మళ్లీ అడిగితే, అప్పుడు కొత్త కాగితం అంటించండి.

పరీక్షలో నెగ్గితే సంతోషంగా తెచ్చుకోండి. కానీ ర్యాంకుకు బహుమతిగా మాత్రం తేవద్దు. ర్యాంకు వచ్చే నెల మారవచ్చు. మార్కులు తగ్గిన రోజున "ఆ కుక్క వల్లే" అన్న మాట ఎవరి నోటా రాకూడదు. ఆ రోజు కూడా సాయంత్రం ఆరింటికి అది గుమ్మం దగ్గర మీ అబ్బాయి కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. రిపోర్టు కార్డు సంగతి దానికి తెలియదు.

మీ ఇంటి పద్నాలుగు రోజుల కాగితాన్ని పిల్లల చేత క్లాస్ టీచరుకు పంపండి. ఎవరి పేరు ఎన్నిసార్లు ఉందో మేమూ చూస్తాం.